బ్రేకులు మార్చే ముందు టైర్లు చూడండి

* కారును చివరకు ఆపేది రోడ్డును పట్టుకున్న రబ్బరే
* పెద్ద డిస్కుల వల్ల ప్రయోజనం వేడిని తట్టుకోవడంలోనే
* కంపెనీ అమరికను మారిస్తే చట్టంతోనూ చిక్కే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: సొంత కారు ఉన్నవారిలో చాలామందికి ఏదో ఒక రోజు ఎదురయ్యే సందేహమిది. జాతీయ రహదారిపై వెళుతుండగా ముందున్న లారీ హఠాత్తుగా నెమ్మదిస్తుంది. బ్రేకు తొక్కితే కారు ఆగుతుంది గానీ, ఆగాల్సిన చోటుకు నాలుగడుగులు ముందుకు వెళ్లి ఆగుతుంది. ఇంటికి చేరాక కారుకున్న బ్రేకులు చాలడం లేదేమోనన్న అనుమానం మొదలవుతుంది. వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించమని ఒకరు, ముందు పెద్ద డిస్కులు బిగించమని మరొకరు, విదేశీ ప్యాడ్లు తెప్పించమని ఇంకొకరు సలహా ఇస్తారు. వేల రూపాయల నుంచి లక్షకు పైగా ఖర్చయ్యే ఈ నిర్ణయం తీసుకునే ముందు అసలు లోపం ఎక్కడుందో తెలుసుకోవడం అవసరం. ఇది డబ్బుతో పాటు కారులో కూర్చునే కుటుంబ సభ్యుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఈ ప్రాంతపు దారులు ఎలాంటివి?

బెంగళూరు, హైదరాబాద్ నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ చెక్‌పోస్టు, పాలసముద్రం, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి ప్రాంతాల మీదుగా సాగుతుంది. పాత లెక్కలో ఇది 7వ నంబరు రహదారి. హిందూపురం వ్యాపారులు బెంగళూరుకు, ధర్మవరం పట్టుచీరల వర్తకులు ఇటు బెంగళూరుకు, అటు అనంతపురానికి ఈ దారినే ఆశ్రయిస్తారు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో నిర్మించిన కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఉద్యోగుల వాహనాలు, విడిభాగాల లారీలు కూడా ఈ రహదారిపైకే వస్తాయి.

నాలుగు లేన్ల విభజిత రహదారులపై కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 100 కిలోమీటర్లుగా కేంద్రం 2018లో నిర్దేశించింది. అయితే అదే దారిపై వెనుక దీపం లేని ట్రాక్టరు, ఎదురు దిశలో వచ్చే ద్విచక్ర వాహనం, రోడ్డు దాటే గొర్రెల మంద కూడా ఉంటాయి. రహదారి దిగి పల్లెబాట పట్టగానే కంకర, ఇసుక, వేగనిరోధకాలు ఎదురవుతాయి. మడకశిర వైపు వెళితే కొండ మలుపులు వస్తాయి. 2015 జనవరి 7న మడకశిర నుంచి పెనుకొండకు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి విద్యార్థులు సహా పదిమందికి పైగా మరణించిన దుర్ఘటనను ఈ ప్రాంతం మరువలేదు. ఆ ప్రమాదానికి బ్రేకులే కారణమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఇక్కడి దారులు డ్రైవరు నుంచి, వాహనం నుంచి ఎంతటి జాగ్రత్తను కోరుతాయో చెప్పేందుకే ఆ ప్రస్తావన.

బ్రేకు చేసే పని

కదులుతున్న కారులో శక్తి ఉంటుంది. బ్రేకు ఆ శక్తిని రాపిడి ద్వారా వేడిగా మారుస్తుంది. ఐదుగురు మనుషులు, సామానుతో కలిపి 1,600 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో సుమారు 6.2 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. దాదాపు రెండు లీటర్ల నీటిని మరిగించడానికి సరిపడే వేడి అది. కారు ఆగే నాలుగు సెకన్లలో ఆ వేడిలో అత్యధిక భాగం డిస్కులు, డ్రమ్ములలోకే చేరుతుంది. వేగం రెట్టింపైతే ఈ శక్తి నాలుగింతలవుతుంది. 80 నుంచి 100కు పెరగడం చూడటానికి 20 కిలోమీటర్ల తేడాయే. బ్రేకుపై పడే భారం మాత్రం సగానికి పైగా పెరుగుతుంది.

బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రాలపైకి వాలుతుంది. అందుకే ఆపే పనిలో సుమారు మూడింట రెండు వంతులో, అంతకన్నా ఎక్కువో ముందు బ్రేకులే చేస్తాయి. చాలా చిన్న కార్లకు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉండటానికి కారణమిదే. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే కారణం కాదు. డిస్కు గాలికి తెరుచుకుని ఉండి త్వరగా చల్లబడుతుంది. డ్రమ్ము మూసి ఉన్నందున వేడి లోపలే నిలుస్తుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కార్లు గెలిచాక ప్రపంచానికి ఈ తేడా స్పష్టమైంది. అది గంటల తరబడి పదేపదే బ్రేకులు పట్టాల్సిన పందెం. పిల్లలను బడిలో దింపి, వారానికోసారి బెంగళూరు వెళ్లివచ్చే కారు అవసరం వేరు.

ఆపేది టైరే

బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. కారును ఆపేది టైరుకు, రోడ్డుకు మధ్యనున్న పట్టు. ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం ఇంచుమించు మనిషి అరచేయంత. ఆ నాలుగు అరచేతులు ఎంత పట్టు ఇస్తే అంతే త్వరగా కారు ఆగుతుంది.

దీన్ని పరీక్షించేందుకు సులభమైన గుర్తు ఉంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటే ఏబీఎస్ పనిచేస్తున్నదని అర్థం. ఏబీఎస్ లేని పాత కారైతే చక్రాలు బిగుసుకుని టైర్లు కీచుమంటాయి. అంటే బ్రేకులకు ఇంకా బలముంది, టైర్ల పట్టు అయిపోయింది. అలాంటి కారుకు ఎంత పెద్ద డిస్కులు బిగించినా, ఒక్కసారి బ్రేకు పట్టి ఆపే దూరం చెప్పుకోదగ్గంత తగ్గదు.

లెక్క చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి కాలు పెడల్‌పైకి చేరడానికి ఒక సెకను పడితే ఆ 28 మీటర్లు బ్రేకు లేకుండానే గడిచిపోతాయి. పొడి రోడ్డుపై మంచి టైర్లతో మరో 55 మీటర్లలో కారు ఆగుతుంది. మొత్తం 83 మీటర్లు. అదే కారు, అవే బ్రేకులు, కానీ అరిగిన టైర్లు, తడి రోడ్డు అయితే పట్టు ఇంచుమించు సగానికి పడిపోవచ్చు. అప్పుడు మొత్తం దూరం 120 మీటర్లు దాటుతుంది. 80 వేగంలో పొడి రోడ్డుపై మొత్తం దూరం 57 మీటర్లే. పైసా ఖర్చు లేకుండా 26 మీటర్లు మిగిల్చే మార్గం వేగం తగ్గించడమే.

టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే నిబంధనల ప్రకారం మార్చాల్సిందే. గాడుల మధ్య చిన్న మిట్టలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్లే. వానాకాలంలో అంతవరకూ ఆగకపోవడం మేలు. తిరుగుడు తక్కువున్న కార్లలో గాడులు బాగానే కనిపించినా, ఏళ్ల తరబడి ఎండకు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్కన నాలుగంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

ఉన్న బ్రేకులు సరిగ్గా ఉన్నాయా?

బ్రేకులు చాలడం లేదని అనిపించినప్పుడు మొదట చూడాల్సింది అవి కొత్తలో ఉన్న స్థితిలో ఉన్నాయా లేదా అన్నది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. బ్రేకు పట్టగానే కారు ఒక పక్కకు లాగితే ఒక వైపు కాలిపర్ బిగుసుకుపోవడమో, ప్యాడ్‌కు ఆయిల్ అంటడమో జరిగి ఉంటుంది. స్టీరింగ్ వణికితే డిస్కు ఉపరితలం ఎగుడుదిగుడైనట్లు అనుమానించాలి. ఇనుము ఇనుముతో రాసుకున్న శబ్దం వస్తే ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయినట్లే.

ప్యాడ్‌పై రాపిడి పదార్థం మందం 3 మిల్లీమీటర్లకు చేరితే మార్పించుకోవడం మంచిది. డిస్కు ఎంతవరకు అరగవచ్చో ఆ కనీస మందాన్ని డిస్కు మీదే చెక్కి ఉంచుతారు. అంతకన్నా తగ్గితే నున్నగా పాలిష్ పట్టించి వాడటం ప్రమాదకరం. వెనుక డ్రమ్ములలో దుమ్ము పేరుకుంటుంది. ఏడాదికోసారైనా విప్పించి శుభ్రం చేయించి, షూలను సరిచేయించాలి. ఆ దుమ్మును గాలి పైపుతో ఊదకుండా తడి గుడ్డతో తుడవడం మెకానిక్ ఊపిరితిత్తులకు మేలు.

మరచిపోయేది బ్రేక్ ఆయిల్‌నే

ఇంజిన్ ఆయిల్ మార్పించే తేదీని గుర్తుంచుకునేవారు కూడా బ్రేక్ ఆయిల్ సంగతి మరచిపోతుంటారు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరాక ఆ స్థాయి 140 డిగ్రీల వరకు పడిపోవచ్చు. డాట్-4 రకానికి ఈ ప్రమాణాలు 230, 155 డిగ్రీలు. ఘాట్ దిగేటప్పుడు చక్రాల వద్ద పుట్టిన వేడి ఆయిల్‌కు పాకి అది మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం ఒత్తిడిని ముందుకు పంపుతుంది, ఆవిరి మాత్రం నొక్కుకుపోతుంది. ఫలితంగా పెడల్ నేలను తాకినా బ్రేకు పడదు.

సాధారణంగా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించాలి. ఏ రకం వాడాలో డబ్బా మూతపైనే ఉంటుంది. పాత దానిలోనే కొత్తది కలిపితే ప్రయోజనం లేదు. డాట్-5 అన్నది సిలికాన్‌తో చేసిన వేరే రకం. అంకె పెద్దది కదా అని దాన్ని డాట్-3, డాట్-4లతో కలపరాదు. కొన్ని వందల రూపాయలతో ముగిసే ఈ పని చాలా కార్లకు కొత్త డిస్కులకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఘాట్ రోడ్డే అసలు పరీక్ష

ఈ ప్రాంతపు కుటుంబాలు కారులో చేసే ప్రయాణాలలో బ్రేకులకు గట్టి పరీక్ష తిరుమల నుంచి దిగడమే. కొండ పైనుంచి అలిపిరి చేరేసరికి కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. 1,600 కిలోల కారుకు ఆ దిగుడులో వెలువడే శక్తి దాదాపు 1.1 కోట్ల జౌళ్లు. అంటే 100 కిలోమీటర్ల వేగం నుంచి 17, 18 సార్లు ఆపినంత. ఆ భారమంతా బ్రేకులపైనే వేస్తే ప్యాడ్లు కాలి వాసన వస్తుంది, రాపిడి తగ్గుతుంది, పెడల్ ఎంత తొక్కినా కారు నెమ్మదించదు. పెద్ద డిస్కులు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. వాటిలో ఇనుము ఎక్కువ కనుక ఎక్కువ వేడిని భరిస్తాయి.

అయితే దానికన్నా చౌకైన ఉపాయం ప్రతి కారులోనూ ఉంది. ఏ గేరులో కొండ ఎక్కుతామో అదే గేరులో దిగితే ఆ శక్తిలో చాలా భాగాన్ని ఇంజిన్ తీసుకుంటుంది. బ్రేకుపై కాలు ఆనించి ఉంచకుండా, కొద్దిసేపు గట్టిగా పట్టి వదలాలి. పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టరుకు శక్తి అందదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకులు కాలిన వాసన వస్తే సురక్షితమైన చోట కారు నిలిపి, వాటంతట అవి చల్లబడే వరకు ఆగాలి. వేడి డిస్కుపై నీళ్లు పోస్తే అది వంకర తిరగవచ్చు, పగలవచ్చు కూడా.

మార్పు ఎవరికి అవసరం?

అన్నీ సరిచేయించి, టైర్లు మార్చి, ఆయిల్ మార్చాక కూడా ఘాట్లపై నిండు బరువుతో తరచూ తిరిగే కారులో బ్రేకులు వేడెక్కి బలహీనపడుతుంటే మెరుగుదల గురించి ఆలోచించవచ్చు. అక్కడా వరుస ఉంది. మొదట కారు కంపెనీ నిర్దేశించిన కొలతలోనే దొరికే పేరున్న సంస్థల మేలైన ప్యాడ్లు. ఆ తరువాత, కంపెనీ అనుమతిస్తే, ఎక్కువ వేడిని తట్టుకునే బ్రేక్ ఆయిల్. పందేల కోసం చేసిన ప్యాడ్లను మాత్రం దూరంగా ఉంచాలి. అవి బాగా వేడెక్కితేనే పట్టుకుంటాయి. ఉదయం ఇంటి నుంచి బయలుదేరిన మొదటి మలుపులో మామూలు ప్యాడ్లకన్నా తక్కువ పనిచేస్తాయి.

వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించడం చాలామంది కోరుకునే మార్పు. ముందు బ్రేకులే ఎక్కువ పనిచేస్తాయి గనుక దీనివల్ల కలిగే లాభం స్వల్పం, చిక్కులు మాత్రం అనేకం. ముందు, వెనుక బ్రేకుల మధ్య కంపెనీ ఒక నిష్పత్తి కుదురుస్తుంది. వెనుక బ్రేకు అవసరానికి మించి బలపడితే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు గిరగిరా తిరిగే ప్రమాదముంది. మాస్టర్ సిలిండర్ పంపే ద్రవం కొత్త కాలిపర్లకు చాలకపోవచ్చు. హ్యాండ్ బ్రేకు అమరికనూ మార్చాల్సి వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరైంది. ఆ యంత్రాంగం అసలు బ్రేకుల కొలతలకు తగినట్లు సరిచేసి ఉంటుంది. ఆ కొలతలు మారితే దాని లెక్క తప్పవచ్చు.

కారును మార్కెట్లోకి తెచ్చే ముందు పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల వద్ద ఖాళీగాను, నిండు బరువుతోను బ్రేకులను పరీక్షిస్తారు. పదేపదే పట్టి వేడెక్కించి కూడా చూస్తారు. షెడ్డులో బిగించిన కొత్త అమరికకు అలాంటి పరీక్ష ఉండదు.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఈ నిబంధనను 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా సమర్థించింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశమూ ఉంది. అరిగిన ప్యాడ్లు, షూలు, డిస్కుల స్థానంలో అదే కొలతవి వేయించడం మరమ్మతే గనుక ఈ చిక్కు రాదు. విడిభాగాలు కొన్నప్పుడు బిల్లు తీసుకుని భద్రపరచుకోవాలి. నకిలీ ప్యాడ్లు బయటకు ఒకేలా కనిపించినా, వేడెక్కితే పొడిపొడిగా రాలిపోతాయి.

బరువు పెంచేది యజమానే

కొన్నిసార్లు బ్రేకులు బలహీనపడవు, వాటిపై భారమే పెరుగుతుంది. చీరల మూటలతో డిక్కీ నింపి, పైన క్యారియర్ బిగించి, సీట్లకు మించి మనుషులను ఎక్కిస్తే ఏ బ్రేకైనా ఆలస్యంగానే ఆపుతుంది. అందం కోసం బిగించే పెద్ద చక్రాలు, వెడల్పు టైర్లు కూడా బ్రేకుపై భారం పెంచుతాయి. చక్రం వ్యాసం పెరిగే కొద్దీ దాన్ని ఆపడానికి ఎక్కువ బలం కావాలి. కంపెనీ సూచించిన టైరు కొలతకు తిరిగి వస్తే చాలు, కొన్ని కార్లకు పాత పట్టు వచ్చేస్తుంది.

మొత్తం మీద వరుస ఇది: ముందు వేగం, బరువు. తరువాత టైర్లు, వాటిలో గాలి. ఆపై బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, షూలు, కాలిపర్ల తనిఖీ. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా వేడికి బ్రేకులు తగ్గిపోతున్నాయని తేలితేనే మేలైన ప్యాడ్ల ఖర్చు న్యాయమవుతుంది. ఏబీఎస్ కూడా లేని బాగా పాత కారు అయితే, దాని బ్రేకులపై భారీగా వెచ్చించే బదులు ఆ సొమ్మును ఏబీఎస్ ఉన్న కారు కొనుగోలుకు కలుపుకోవడం తెలివైన పని. తనిఖీ పూర్తయ్యాక వాహనాలు లేని నిటారు రోడ్డుపై, వెనుక ఎవరూ రావడం లేదని చూసుకుని, 40 కిలోమీటర్ల వేగంలో ఒకసారి గట్టిగా బ్రేకు పట్టి చూడాలి. కారు ఏ పక్కకూ లాగకుండా నిటారుగా ఆగి, పెడల్ గట్టిగా నిలిస్తే మొదటి పరీక్ష నెగ్గినట్లే. పండుగలకో, పెళ్లికో, తిరుమల దర్శనానికో బయలుదేరే ముందు ఈ తనిఖీకి ఒక పూట కేటాయించడం ప్రతి యజమానికీ సాధ్యమైన పనే.